కత్తిపీట దురద

మెస్సుకి పన్నెండు కిలోల కంద.
కత్తిపీట మీద కూచుని చెక్కు తీస్తుంటే
మణికట్టు దాకా పాకింది.
చింతపండు నీళ్ళలో చేతులు ముంచాను,
పొయ్యి సెగకి కాచాను.
గంటకి తగ్గుతుంది. కంద దురదకి ఒక లెక్కుంది.

ఆయన దురదకి లేదు.

మంగళ, గురు, శని, అయనావరంలో మిషను.
నాలుగు గంటలు నెత్తుటిని బయటికి తీసి, ఉతికి,
మళ్ళీ లోపలికి పంపుతుంది.
ఎంత ఉతికినా ఏదో మిగిలిపోతుంది కాబోలు,
రాత్రి రెండింటికి మొదలు.
వీపు మీద దద్దు లేదు, పొక్కు లేదు,
టార్చి వేసి వెతికాను, దోమ కాటైనా లేదు.
ఉన్నవన్నీ ఆయన గోళ్ళు గీసిన గీతలే.

డాక్టరు యాళిని కుర్రపిల్ల.
"అరిప్పు ఇరుక్కా అయ్యా?" అని అడిగింది.
లోకో షాపులో ముప్పై ఆరేళ్ళు
సుత్తుల మధ్య చెవులు పారేసుకున్న మనిషి,
"అరవడం లేదమ్మా, ఓర్చుకుంటున్నా" అన్నాడు.
ఆ పిల్ల నవ్వలేదు.

మందుల చీటీ వెనక నాకు బొమ్మ గీసింది.
చర్మం కింద తీగలట, వెంట్రుక కంటే సన్నం.
వాటిలో కొన్ని దురద కోసమే పుట్టినవట.
చిన్న నొప్పినే దురద అనుకునేవారట ఒకప్పుడు,
కాదని తేలిందట.
సూది గుచ్చిన కబురు పరుగెత్తుకొస్తుంది,
దురద కబురుది మాత్రం నడకే,
పెరంబూరు స్టేషన్ నించి మా వీధికి
కూరల సంచీతో నేనొచ్చినట్టు.
వెన్నులో ఒక గుమ్మం ఉంది.
అక్కడ తలుపు తట్టి ఇంకో తీగకి అప్పగిస్తే
అది తలకెక్కి చెబుతుంది:
చెయ్యి పంపు.

"నొప్పి చెయ్యి వెనక్కి లాక్కోమంటుందమ్మా,
దురద చెయ్యి తెమ్మంటుంది."

ఆ ముక్క దగ్గర నేను ఆగిపోయాను.
తర్వాత చెప్పింది సగమే విన్నాను.
గోకడమంటే చిన్న నొప్పి పెట్టడమట,
ఆ నొప్పి వెళ్ళి గుమ్మం మూస్తుందట, కాసేపు.
హాయిగా ఉంటుంది, అందుకే ఆపలేం,
ఆపనందుకు మళ్ళీ మొదలు.
ఎలర్జీ బిళ్ళలు ఈ తాళానికి సరిపోవట.
వేరే మాత్ర రాసింది,
మిషను రోజున మిషను తర్వాతే వెయ్యాలి.
కంద పెట్టొద్దని మళ్ళీ చెప్పింది, పొటాషియం.

ముప్పై ఏళ్ళ కాపురంలో చెంగల్రాయుడు
చెయ్యి తెమ్మని అడిగిన మనిషి కాదు.
జీతం కవరు టీవీ మీద పెట్టేవాడు.
జ్వరమొస్తే గోడవైపు తిరిగేవాడు.
ఇప్పుడు నడిరాత్రి,
"ఏమే, కొంచెం ఎడమకి... పైకి... ఆఁ, అక్కడ"
అని ఆటోవాడికి ఇల్లు చెప్పినట్టు చెబుతాడు.
నా గోళ్ళు మొదలంటా కత్తిరించేశాను.
అరచేత్తో రుద్దుతాను,
ఫ్రిజ్‌లో పెట్టిన తడిగుడ్డ వేస్తాను.
తెల్లారి మెస్సులో కూరగాయల ముందు తూగుతాను.

నిన్న వాన. కరెంటు పోయింది.
చీకట్లో ఆయన భుజం గోక్కుంటున్న చప్పుడు,
బరబరా.
వింటూ పడుకున్నానా,
నా భుజం మొదలెట్టింది.
కంద ముట్టి రెండ్రోజులైంది.
నా నెత్తురు ఎవరూ ఉతకక్కర్లేదు.
చర్మం మీద ఏమీ వాలలేదు, ఏ తీగనీ ఎవరూ ముట్టలేదు,
మరి ఈ కబురు ఎక్కడ బయల్దేరినట్టు?
శనివారం ఆ పిల్లని అడగాలి.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అనేది మా అత్త,
నేను పక్కింటి గొడవలో తలదూర్చినప్పుడల్లా.
కందకి ఉందత్తా.
రాత్రంతా ఉంది.

"ఏంది, నీకూనా?" అన్నాడు ఆయన చీకట్లోంచి.
"ఎడమ భుజం, కొంచెం కింద" అన్నాను.
రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.
చెయ్యి వచ్చింది, మిషను సూదుల కట్టుతో సహా.
కుడి భుజం గోకింది.

మూడోసారి చెప్పలేదు.